స్విఫ్ట్ పెట్రోల్‌కి కోన్ ఫిల్టర్ వేయించాలా? పికప్ సంగతి వేరు, సౌండ్ సంగతి వేరు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. 2019 స్విఫ్ట్ పెట్రోల్, హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ ఆఫీసు, వీకెండ్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్), ఎప్పుడైనా అనంతగిరి ఘాట్. ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ కూర్చునే ప్లాస్టిక్ డబ్బా) మొత్తం పీకేసి అల్యూమినియం పైపు, దాని చివర కోన్ ఫిల్టర్, అంటే డబ్బా లేకుండా బయటికే ఉండే శంకువు ఆకారపు ఫిల్టర్ బిగిస్తే 10 హార్స్‌పవర్ పెరుగుతుంది, సౌండ్ అదిరిపోతుంది అని షెడ్డులో చెప్పారు. వేయించుకోమంటారా అన్నా, అని అడిగావు.

వద్దు. ఎయిర్ బాక్స్ జోలికి పోకు. సౌండ్ కావాలంటే దానికి వేరే దారి ఉంది, ఖర్చు దాదాపు ఉండదు, నచ్చకపోతే సాయంత్రానికి మళ్లీ ఉన్నది ఉన్నట్టు పెట్టేసుకోవచ్చు. పవర్ మాత్రం ఆ పైపులో లేదు. ఎందుకు లేదో లెక్క చెప్తాను, నీ కారులో నువ్వే కొలిచి చూసుకునే పద్ధతి కూడా చెప్తాను. షెడ్డువాళ్ల మాటా వద్దు, నా మాటా వద్దు, కొలిచాకే నమ్ము.

ముందు లెక్క. నీ ఇంజిన్ 1197 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి అంత గాలి పీలుస్తుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు పూర్తిగా నిండాయనుకున్నా నిమిషానికి సుమారు 3600 లీటర్లు, అంటే సెకనుకు 60 లీటర్లు. నీది టర్బో కాదు, కాబట్టి ఈ గాలిని లోపలికి తోసేది బయటి వాతావరణ పీడనం ఒక్కటే. అది కూడా మనకు కాస్త తక్కువే. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కదా, చెన్నైలో తిరిగే స్విఫ్ట్‌తో పోలిస్తే ఇక్కడి గాలి పీడనం 5, 6 శాతం తక్కువ. ఆ పీడనంలో కొంత స్నార్కెల్ పైపులో (బయటి గాలిని ఎయిర్ బాక్స్‌లోకి తెచ్చే పైపు), ఫిల్టర్‌లో, మలుపుల్లో పోతుంది. దారిలో ఎంత పోతోందో అంతే మనం వెనక్కి రాబట్టుకోగలం. పైపు పొడవు మార్చి ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర కొంచెం అదనంగా తెచ్చుకోవచ్చు గానీ, అది ఇంకో ఆర్‌పీఎం దగ్గర కోత పెడుతుంది.

నీ కారు 83 హార్స్‌పవర్. 10 పెరగాలంటే 12 శాతం ఎక్కువ గాలి కావాలి. అంటే ఇప్పుడున్న పైపు, ఫిల్టర్ కలిసి వాతావరణ పీడనంలో 12 శాతం మింగేస్తూ ఉండాలి. నిజంగా మింగుతున్నాయా? దీన్ని కొలవడానికి డైనో (పవర్ కొలిచే యంత్రం) అక్కర్లేదు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు.

రాణిగంజ్‌లోనో మీ వీధి హార్డ్‌వేర్ షాపులోనో సన్నని పారదర్శక లెవెల్ పైపు నాలుగైదు మీటర్లు తీసుకో. అందులో రెండు మీటర్ల ముక్కను ‘యు’ ఆకారంలో వంచి, ఒక్కో కాలు మీటరు పొడవుండేలా చెక్క పట్టీకి టేపుతో అంటించు. పక్కనే టైలర్ టేపు అతికించు. రంగు కలిపిన నీళ్లు సగం వరకు పోయి. ఒక కాలు పై చివర కారు లోపలే తెరిచి ఉంచు. రెండో కాలికి మిగతా పైపు కలిపి ఫిల్టర్‌కీ థ్రోటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు ఉండే చోటు) మధ్య ఉన్న రబ్బరు గొట్టం దాకా తీసుకెళ్లాలి. డ్రిల్లు పెట్టకు. ఇంజిన్ మూత నుంచి ఆ గొట్టంలోకి వచ్చే బ్రీదర్ పైపు ఉంటుంది చూడు, టెస్టు చేసే కాసేపు దాన్ని ఊడదీసి, ఆ రంధ్రంలో మన పైపును గాలి చొరబడకుండా బిగించు. ఊడదీసిన బ్రీదర్ మూతికి శుభ్రమైన గుడ్డ చుట్టి, బెల్టుకు తగలకుండా పక్కకు కట్టు. మన పైపును బానెట్ వెనక మూల నుంచి బయటికి తీసి, కిటికీ అద్దం సందులోంచి లోపలికి తే. బెల్టుకీ ఎగ్జాస్ట్‌కీ దూరంగా ఉండాలి, ఎక్కడా నలగకూడదు.

పక్కన ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకో. అతను పట్టీని నిలువుగా పట్టుకుని ఫోన్‌లో వీడియో తీయాలి, నువ్వు రోడ్డు మీదే కళ్లు పెట్టాలి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 6000 దాకా తీసుకెళ్లి వదిలెయ్. ఒక కాలిలో నీళ్లు పైకి పాకుతాయి, రెండో కాలిలో కిందికి దిగుతాయి. రెండు మట్టాల మధ్య ఎంత తేడా వచ్చిందో అదే నీ నష్టం. పది మీటర్ల నీటి మట్టం ఇంచుమించు ఒక వాతావరణ పీడనానికి సమానం. కాబట్టి 10 సెంటీమీటర్ల తేడా అంటే ఒక శాతం.

30 సెంటీమీటర్లు వచ్చిందనుకో, 3 శాతం. స్వర్గం నుంచి దిగొచ్చిన ఫిల్టర్ పెట్టినా నీకు వచ్చేది రెండున్నర హార్స్‌పవర్, అదీ 6000 దగ్గర మాత్రమే. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో 2000 దగ్గర నడిపేటప్పుడు సున్నా. ఎందుకంటే గాలి వేగం మూడో వంతుకు తగ్గితే ఈ నష్టం దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. షెడ్డువాళ్లు చెప్పిన 10 రావాలంటే నీ పట్టీ మీద తేడా 120 సెంటీమీటర్లు చూపించాలి. అంటే నీళ్లు పట్టీ దాటి ఇంజిన్ వైపు వెళ్లిపోవాలి. అందుకే, తేడా 80 దాటుతున్నట్టు కనిపిస్తే వెంటనే కాలు తీసెయ్యమని ఫ్రెండ్ అరవాలి. అంత తేడా వస్తే మాత్రం ఫిల్టర్ మూసుకుపోయిందనో, ఎలుక గూడు పెట్టిందనో అర్థం. నిజమే చెప్తున్నా, బయట పార్క్ చేసే కార్లలో ఎయిర్ బాక్స్ తెరిస్తే వేరుశనగ తొక్కలు, దూది కనిపించడం కొత్తేమీ కాదు.

ఇంకో మాట. కొలత తీసే చోటును ఫిల్టర్‌కు ముందుకు మార్చి కూడా చూస్తే ఎక్కడ ఎంత పోతోందో విడివిడిగా తెలుస్తుంది. చాలాసార్లు ఫిల్టర్ కంటే దాని ముందున్న ఇరుకు మలుపే ఎక్కువ తింటుంది. అలాంటప్పుడు వేల రూపాయల ఫిల్టర్ వేసినా అంకె కదలదు.

ఇప్పుడు వేడి. కంపెనీ స్నార్కెల్ మూతిని చూడు, గ్రిల్ వెనక, రేడియేటర్‌కు పైన, ముందుకు తిరిగి ఉంటుంది. అంటే బయటి గాలే పీలుస్తుంది. దాన్ని తీసేసి ఇంజిన్ పక్కనే కోన్ పెడితే బానెట్ కింది వేడి గాలి పోతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు, బానెట్ కింద 60 అనుకుందాం. గాలి సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది. పైపు మార్చి సంపాదించింది 3, వేడికి పోగొట్టింది 6. పైగా లోపలికి వచ్చే గాలి వేడెక్కితే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగి స్పార్క్ ఆలస్యంగా పడేలా చేస్తుంది, దాంతో ఇంకొంచెం పోతుంది. అల్యూమినియం పైపు ఈ విషయంలో ప్లాస్టిక్ కంటే నయమేమీ కాదు, వేడిని బాగా పట్టుకుంటుంది. చూడ్డానికి మాత్రం మెరుస్తుంది.

దీన్ని కూడా నువ్వే చూసుకోవచ్చు. ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొని ఫోన్‌కి కలిపి, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ అనే రీడింగ్ తెరువు. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, తర్వాత ఓఆర్ఆర్ మీద 80లో వెళ్లేటప్పుడు, రెండూ రాసుకో. స్టాక్ పైపుతో కారు కదలగానే అంకె గబగబా దిగి బయటి వేడికి దగ్గరవుతుంది. బానెట్ కింద పెట్టిన ఓపెన్ ఫిల్టర్‌తో అంత దిగదు, దిగినా ఆలస్యంగా దిగుతుంది.

మరి వేయించుకున్నవాళ్లందరూ పికప్ పెరిగింది అంటున్నారే అంటావు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. సౌండ్ పెరిగితే కారు ఎక్కువ లాగుతున్నట్టు ఒంటికి అనిపిస్తుంది. కొందరికి నిజంగానే పెరిగి ఉంటుంది కూడా, ఎందుకంటే తీసేసిన పాత ఫిల్టర్ మట్టిగడ్డలా ఉండి ఉంటుంది. 2009లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల దీని మీద పరీక్షలు చేసింది. మూసుకుపోయిన ఫిల్టర్ మార్చితే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు గానీ, యాక్సిలరేషన్ మాత్రం బాగుపడింది. ఆ లాభం కొన్ని వందల రూపాయల కంపెనీ పేపర్ ఫిల్టర్‌తోనే వచ్చేస్తుంది.

ఇక అన్నిటికంటే నాకు బాధ కలిగించే సంగతి దుమ్ము. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు ఎటు చూసినా టవర్లు లేస్తున్నాయి, టిప్పర్లు తిరుగుతున్నాయి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, అది సిలిండర్ గోడల్ని, రింగుల్ని గీసేస్తుంది. ఒక హ్యాచ్‌బ్యాక్ నా దగ్గరికి ఆయిల్ తాగుతోందని వచ్చింది. ఎవరో ఊరూ పేరూ లేని కోన్ ఫిల్టర్ వేశారు. థ్రోటిల్ ముందున్న గొట్టం ఊడదీసి లోపల తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు ఎర్రమట్టి గీత పడింది. గోటితో రుద్దితే గరగరలాడింది. క్లాంప్ బిగుతుగానే ఉంది, మట్టి వచ్చింది ఫిల్టర్ గుడ్డలోంచే. కంప్రెషన్ టెస్టులో రెండు సిలిండర్లలో పీడనం పడిపోయి ఉంది. ఆ కుర్రాడు కొన్నది సౌండ్ కోసం, కట్టింది ఇంజిన్ పనికి.

అందుకని ఫిల్టర్ కొనేటప్పుడు ఐఎస్ఓ 5011 (ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో పరీక్షించిన అంకెలు చూపించే కంపెనీదే కొను. కే అండ్ ఎన్, బీఎంసీ లాంటివాళ్ల ఆయిల్ కాటన్ ఫిల్టర్లలో నీ స్టాక్ బాక్స్‌లోనే కూర్చునే ప్యానెల్ రకం దొరుకుతుంది. కడిగి మళ్లీ వాడుకోవచ్చు, అదొక సౌకర్యం. కానీ కడిగాక ఆయిల్ ఎక్కువ కొట్టావంటే అది ఎగిరి, గాలిని కొలిచే సెన్సార్ ఉన్న కారులో దాని తీగ మీద పడుతుంది, తక్కువ కొట్టావంటే దుమ్ము ఆగదు. రోజూ నార్సింగి దుమ్ములో తిరిగే కారుకి నా ఓటు కంపెనీ పేపర్ ఫిల్టర్‌కే. కాస్త దుమ్ము పట్టిన పేపర్ ఫిల్టర్ కొత్తదానికంటే సన్నని దుమ్మును బాగా ఆపుతుంది, కాబట్టి వారం వారం తీసి ఎయిర్ గన్‌తో ఊదించడం మానెయ్. ఆ దెబ్బకు పేపర్ చిల్లులు పడుతుంది, బాక్స్ రబ్బరు అంచు కూడా సరిగ్గా కూర్చోదు.

తర్వాత నీళ్లు. నువ్వు వెళ్లే దారిలో లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి ఉంది, వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయని నీకు వేరే చెప్పక్కర్లేదు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పేరుతో కొందరు ఫిల్టర్‌ని బంపర్ కింద, చక్రం పక్కన దింపుతారు. చల్లగాలి వస్తుంది నిజమే, కానీ మోకాలి లోతు కూడా లేని నీటిలో అది మునుగుతుంది. నీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 300 సీసీ. కంప్రెషన్ రేషియో 11 అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 30 సీసీ. రెండు పెద్ద చెంచాల నీళ్లు. అంతకు మించి పడితే పిస్టన్ ఆగిపోతుంది, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలా వంగిన రాడ్డును గాజు పలక మీద పక్కకు పడుకోబెట్టి చూశాను, మధ్యలో పోస్టుకార్డు దూరేంత సందు. కంటికి తిన్నగానే కనిపిస్తుంది, బ్లాక్‌లో పెడితే పిస్టన్ మాత్రం పైదాకా రాదు. 2020 అక్టోబర్ వరదలప్పుడు ఈ ఊరి షెడ్లన్నీ నీళ్లు తాగిన కార్లతో నిండిపోయాయి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో ఈ నష్టం రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి. తీసుకున్నా సరే, ఇన్‌టేక్ మార్చిన కారైతే క్లెయిమ్ తిప్పికొట్టడానికి వాళ్లకు కారణం మనమే చేతికి ఇచ్చినట్టు.

సరే, సౌండ్. నీకు అసలు కావాల్సింది ఇదేనని నీ ప్రశ్న చదివితేనే తెలిసింది, అందులో తప్పేమీ లేదు. మంచి ఇన్‌టేక్ సౌండ్ సైలెన్సర్ సౌండ్ కంటే నాకూ ఇష్టం. కారణం ఏమిటంటే, వాల్వులు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా గాలిలో పుట్టే అదురు పైపు వెంట వెనక్కి బయటికి వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకు రెండుసార్లు. 3000 దగ్గర 100 హెర్ట్జ్, 6000 దగ్గర 200 హెర్ట్జ్. నెమ్మదిగా వెళ్లేటప్పుడు థ్రోటిల్ పలక దాదాపు మూసుకుని ఈ మోతను అడ్డుకుంటుంది, తొక్కినప్పుడే దారి తెరుస్తుంది. కాబట్టి కాలనీలో అర్ధరాత్రి ఇంటికొచ్చినా ఎవరి నిద్రా చెడదు, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం పలుకుతుంది. సైలెన్సర్ కోసేస్తే ఈ మర్యాద ఉండదు.

ఈ మోతను తగ్గించడానికే కంపెనీ రెజొనేటర్ పెడుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా, ఇది అదే సూత్రం తిరగేసి వాడటం. ఇన్‌టేక్ పైపుకు పక్కన, గాలి ఎటూ పోయే దారి లేని ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేలాడుతూ ఉంటే అదే. కొన్ని కార్లలో స్నార్కెల్‌కి ఉంటుంది, కొన్నింటిలో ఫిల్టర్ దాటాక థ్రోటిల్‌కి ముందు ఉంటుంది, కొన్నింటిలో రెండు చోట్లా. గాలి దానిలోంచి ప్రవహించదు, కాబట్టి తీసినా ఉంచినా గాలికి దారి అంతే. ఒక్కోసారి తీస్తే మధ్య ఆర్‌పీఎంలో లాగే బలం కొంచెం తగ్గుతుంది కూడా.

నువ్వు చెయ్యాల్సింది అది తీసి చూడటం. అయితే ఇక్కడే జాగ్రత్త. డబ్బా ఫిల్టర్‌కు ముందు ఉంటే, రంధ్రం తెరిచి వదిలినా దుమ్ము ఫిల్టర్ దాటదు గానీ వేడి గాలి దూరుతుంది, కాబట్టి మూసెయ్. ఫిల్టర్ తర్వాత ఉంటే ఆ రంధ్రాన్ని ఒక్క క్షణం కూడా తెరిచి నడపకు, ఫిల్టరే లేకుండా నడిపినట్టు. సరైన సైజు రబ్బరు మూత పెట్టి క్లాంప్ వెయ్. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తారు కొందరు, వేడికి జిగురు కరిగి ఊడుతుంది. తీశాక నాలుగైదు రోజులు నడుపు. ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర బుర్ర వాచేలా బూమ్ అని మోగితే, ఆ డబ్బా ఆ స్వరాన్నే మింగుతోందని తెలిసిపోతుంది, తిరిగి పెట్టెయ్. ఎయిర్ బాక్స్‌కి రంధ్రాలు పొడవడం మాత్రం వద్దు. సౌండ్ వస్తుంది, వేడీ వస్తుంది, రంధ్రం ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు పడిందంటే దుమ్మూ వస్తుంది, వెనక్కి తిప్పుకునే వీలు లేదు.

కంపెనీలు కూడా ఈ రుచి తెలిసినవే. టయోటా 86లో ఇన్‌టేక్ నుంచి డాష్‌బోర్డు వైపు విడిగా ఒక గొట్టం వేసి మోతను క్యాబిన్‌లోకి పంపారు. గాలి దారి ముట్టుకోకుండా సౌండ్ తెచ్చుకోవడమంటే అదీ.

చట్టం మాట కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కచ్చితంగా చూస్తే రెజొనేటర్ తీయడం కూడా ఈ లెక్కలోకి వస్తుందని ఎవరైనా అనొచ్చు, అది తెలిసి నిర్ణయించుకో. వారంటీలో ఉన్న కారైతే అసలు ముట్టుకోవద్దనే చెప్తాను.

ఇది చదివే టర్బో పెట్రోల్ వాళ్లకు ఒక ముక్క. పోలో టీఎస్ఐ లాంటి కార్లలో ఓపెన్ ఫిల్టర్ పెడితే టర్బో ఈల, కాలు తీసినప్పుడు వచ్చే బుస్సుమనే మోత బాగా వినిపిస్తాయి. పైపు సులువైతే టర్బోకి శ్రమ కూడా కాస్త తగ్గుతుంది, కానీ బూస్ట్ ఎంతో నిర్ణయించేది ఈసీయూ, కాబట్టి దాని మ్యాప్ (లోపలి సెట్టింగులు) మార్చకుండా పవర్ పెద్దగా పెరగదు. వేడి, దుమ్ము, నీళ్ల మాట వాళ్లకూ ఇంతే.

ఇదంతా విన్నాక కూడా పైపు మార్పించుకునేవాళ్లు ఉంటారని తెలుసు, వాళ్ల కోసం కొన్ని జాగ్రత్తలు. ఎయిర్ బాక్స్ దాటగానే వైర్లతో ఒక సెన్సార్ గుచ్చి ఉంటే అది గాలిని కొలిచే మాఫ్ సెన్సార్. దాని లెక్క ఆ పైపు లావును బట్టే కట్టి ఉంటుంది. లావు పైపు వేస్తే అదే గాలిని తక్కువగా చూపిస్తుంది, పెట్రోల్ తక్కువ పడుతుంది, పీ0171 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. బ్రీదర్ గొట్టాన్ని గాలికి వదిలి చిన్న ఫిల్టర్ తగిలించనివ్వకండి, అది తిరిగి ఇన్‌టేక్‌లోకే రావాలి. ఉష్ణోగ్రత సెన్సార్‌ని పైపులో కూర్చోబెట్టకుండా వైరుకు వేలాడదీశారంటే ఆ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చెయ్యండి.

తమ్ముడూ, నువ్వు ఈ వారం చెయ్యాల్సినవి మూడు పనులే. ఫిల్టర్ తీసి చూసి, నల్లబడితే కొత్త పేపర్ ఫిల్టర్ వేసుకో, బాక్స్ క్లిప్పులన్నీ పడ్డాయో లేదో వేలితో నొక్కి చూడు. లెవెల్ పైపుతో కొలువు. కొలిచాక బ్రీదర్ గొట్టం మళ్లీ దాని చోట పెట్టడం మర్చిపోకు. ఆ తర్వాత రెజొనేటర్ తీసి, రంధ్రం మూసి, స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడు, ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె అది. తీయకముందు ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉండాలి. మాఫ్ సెన్సార్ ఉన్న కారులో అది ప్లస్ 10 దాటితే ఎక్కడో గాలి లీకవుతూ ఉండొచ్చు, మూత మళ్లీ బిగించు. పట్టీ మీద నీటి తేడా, ట్రిమ్ అంకె, బానెట్ ఎత్తి తీసిన ఫోటో మూడూ ఇక్కడ పెట్టు. నీ కారులో డబ్బా ఫిల్టర్‌కు ఏ వైపు ఉందో ఫోటో చూసి గుర్తుపెట్టి చెప్తాను.